పిచ్చుకల వాటా

వానాకాలపు వరి కోతకు వచ్చింది. బాసర చుట్టుపట్ల గోదావరి నీరో, బోరు నీరో అందిన మళ్ళన్నీ పసుపు పచ్చగా తలవంచి ఉన్నాయి. ఈ పది పదిహేను రోజులు దాటితే నేను చెప్పదలచిన పనికి కావలసిన సామగ్రి మన ఊళ్ళలో దొరకదు. కనుక ఉపోద్ఘాతం లేకుండానే విషయానికి వస్తాను. ఈ నెల మన ఇంటి చూరుకు వరి కంకులతో ఒక గుండ్రని దండ కట్టుకుందాం. చూడడానికి అలంకారంలా ఉంటుంది గాని అది పిచ్చుకల భోజనం.

మా దాదీ కంకుల కుచ్చులు కట్టడం చూచి నేను ఈ పని నేర్చుకున్నాను. ఆమెకు సొంత పొలం లేదు. కోతలైన మళ్ళలో రాలిన కంకులను ఏరుకోవడాన్ని పరిగె ఏరడం అంటారు. నేటి పిల్లలకు ఆ మాటే తెలియదు. కూలివాళ్ళు పనలు కట్టి కల్లానికి మోసిన తరువాత, ఆసామి రమ్మన్న తరువాతనే పరిగెకు దిగేవారు. దాదీ ఉదయమంతా నడుము వంచి ఏరితే ఒకటి రెండు పూటలకు సరిపడే వడ్లు ఒడిలో పడేవి. ఇంటికి వచ్చి, దంచడానికి ముందే కాడ పొడవుగా ఉన్న కంకులను వేరుచేసి, కుచ్చు కట్టి వాసానికి వేలాడదీసేవారు. మనకే చాలడం లేదు కదా అని మా అమ్మీ ఒకసారి అన్నది. "చాలవు గనుకనే ముందుగా తీసిపెడుతున్నాను, తరువాత మిగలవు" అన్నారు దాదీ. ఆ జవాబును నేను ముప్పై ఏళ్ళుగా మోస్తున్నాను.

ఇప్పుడు పరిగె లేదు. వరికోత యంత్రం ఒకే నడకలో కోసి, నూర్చి, వడ్లను ట్రాక్టరు తొట్టిలో పోసి వెళ్ళిపోతుంది. తెగిన గడ్డి మధ్య రాలిన గింజలు ఉంటాయి గాని చేతితో ఏరదగిన కంకి ఉండదు. రాత్రివేళ దీపాలు వేసుకొని కోసి, తెల్లవారేసరికి పొలాన్ని ఖాళీ చేసే యంత్రాలను చూచినప్పుడల్లా నాకు దివ్య ఖుర్ఆన్‌లోని అల్ ఖలమ్ సూరాలో ఉన్న తోటవారి వృత్తాంతం గుర్తుకు వస్తుంది. పేదవాడెవడూ తమ తోటలో అడుగుపెట్టకముందే పంట కోసుకోవాలని ఒట్టు పెట్టుకొని, గుసగుసలాడుకుంటూ బయలుదేరిన వారికి ఏమి మిగిలిందో మీకు తెలుసు. మన రైతు మీద నేను ఆ నింద మోపడం లేదు. కూలీలు దొరకరు, మబ్బు పట్టితే గుండె అదురుతుంది, యంత్రం కిరాయి గంటల లెక్క. తోటవారి మనసులో ఉన్నది దురుద్దేశం, మన రైతు మనసులో ఉన్నది తొందర. అయినా పరిగెకు వచ్చే పేదరాలి ఒడికి, పిట్ట ముక్కుకు ఫలితం ఒకటే అయింది.

ఉపాయం ఆ యంత్రంలోనే ఉంది. అది మడి మూలల్లో సరిగా తిరగలేదు. గట్టు దిగి లోపలికి వచ్చే చోట, మలుపు తీసుకునే మూలల్లో ముందుగా కొడవలితో కోసి దానికి చోటు చేస్తారు. ఆ కోసిన వరిలోంచి రెండు పిడికిళ్ళు అడగండి. నేను మొదటిసారి అడిగినప్పుడు మా తమ్ముడు విసుక్కున్నాడు. "ఆపా, గంట లెక్కన కిరాయి నడుస్తుంటే నీ పిచ్చుకల కోసం బండి ఆపమంటావా?" అన్నాడు. బండి ఆపనక్కరలేదని, మూల కోసేటప్పుడే తీసిపెడితే చాలని నచ్చజెప్పవలసి వచ్చింది. పొలం లేనివారు తెలిసిన రైతును అడగవచ్చు. కొందరు నవ్వుతారు, కాదనేవారు అరుదు. అయితే చివరిసారి మందు ఎప్పుడు కొట్టారో తప్పక అడగండి. ఇటీవలే కొట్టి ఉంటే ఆ కంకులు వద్దు.

కంకి బంగారు రంగుకు తిరిగి, కాడలో ఇంకా కొంత పచ్చదనం ఉన్నప్పుడు కోసినది మేలు. బాగా ఎండిన తరువాత కోస్తే కట్టేటప్పుడే గింజ రాలుతుంది. కంకి కింద జానెడు కాడ ఉండేలా కోసి, చిన్న కట్టలుగా చేసి, నీడలో తలకిందులుగా రెండు మూడు రోజులు వేలాడదీయాలి. ఎండలో పెడితే కాడ పెళుసుబారుతుంది. దండకు చుట్టుగా తిప్పతీగ ఎంతో అనువైనది. వేపచెట్ల మీద, కంచెల మీద పాకే ఈ తీగలో వేలి మందాన ఉన్నదానిని తెంచి, జానెడు వెడల్పున రెండు మూడు చుట్లు చుట్టి, కొసను చుట్ల మధ్యకు దోపితే వేరే ముడి అక్కరలేదు. తిప్పతీగ తెగినా త్వరగా చావదు. మా వసారాలో ఒక దండ, గింజలన్నీ పోయిన తరువాత చిగురు వేసింది! తీగ దొరకనివారు వెదురుబద్దను వంచి వాడవచ్చు.

కట్టే రోజు కాడలను మాత్రం అరగంట తడిగుడ్డలో చుట్టి ఉంచితే విరగకుండా వంగుతాయి. కంకులకు తడి తగలరాదు. ఎనిమిది కంకులను ఒక పిడిగా పట్టి, కాడలను చుట్టుకు ఆనించి, పురికొసతో గాని గోగునారతో గాని రెండు మెలికలు వేసి బిగించాలి. రెండవ పిడిని మొదటి పిడి కాడల వైపు రెండంగుళాలు జరిపి, దాని కంకులు ఆ కాడలను కప్పేలా కట్టాలి. ఇలా అన్నీ ఒకే దిక్కుకు సాగాలి. జానెడు వెడల్పు చుట్టుకు ఇంచుమించు 14 పిడులు పడతాయి, అంటే 112 కంకులు. చివరి పిడి కాడలను మొదటి పిడి కంకుల కిందికి దోపి కట్టివేస్తే దండ పూర్తి అయినట్లే.

దారం విషయంలో నేను చేసిన తప్పును దాచను. దాదీ పోయిన తరువాత నేను సొంతంగా కట్టిన మొదటి దండకు, పురికొస చేతికి అందక, కుట్టుమిషను పక్కన ఉన్న నైలాను దారం వాడాను. మూడవనాడు ఫజ్ర్ నమాజు ముగించి వసారాలోకి వస్తే ఒక ఆడపిచ్చుక కాలు ఆ దారంలో చిక్కి తలకిందులుగా వేలాడుతూ ఉంది. మా పెద్దమ్మాయి దానిని రెండు చేతులతో పట్టుకోగా నేను కత్తెరతో దారం తెంచాను. ఎగిరిపోయింది గాని దాని వేలొకటి నల్లబడి ఉండడం చూచాను. పిల్లలను పోగొట్టుకొని రెక్కలు కొట్టుకుంటున్న తల్లిపిట్టను చూచి, దాని పిల్లలను తిరిగి ఇచ్చివేయమని ప్రవక్త మహనీయులు (స) సహచరులను ఆదేశించిన సంఘటన అబూ దావూద్ హదీసు సంకలనంలో ఉంది. ఆ సంఘటనను ఎన్నోసార్లు పిల్లలకు చెప్పిన నేనే నా వసారాలో ఉరి పన్నాను. నైలాను, చేపలవల దారం, గాలిపటాల మాంజా, ఇవేవీ దగ్గరికి రానివ్వవద్దు. కట్టిన ముడుల కొసలు కూడా పొట్టిగా కత్తిరించండి.

దండను వాన, మంచు తగలని చూరు కింద, పిల్లి దూకలేని ఎత్తున, ఫంకా తిరిగే చోటికి దూరంగా వేలాడదీయండి. తడిసి బూజు పట్టితే దించివేయాలి. మొదటి వారం ఒక్క పిచ్చుకా రాకపోవచ్చు. వాటికంటే ముందు ఉడుత వస్తుంది, రానివ్వండి. రామచిలుక వస్తే సగం తిని సగం కింద పోస్తుంది, ఆ సగం సంగతి పావురాలు చూచుకుంటాయి.

మా వీధిలో కొత్తగా కాపురానికి వచ్చిన ఒక కోడలు నిరుడు నన్ను అడిగింది: "గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టకూడదంటారు కదా, ఇది కట్టవచ్చునా?" అడగవలసిన ప్రశ్నే. దిష్టి తగలదనో, శుభం కలుగుతుందనో నమ్మి ఒక వస్తువును వేలాడదీయడం వేరు, తినడానికి గింజ పెట్టడం వేరు. ఆ తేడా చూచేవారికి కూడా తెలియాలని నేను దీనిని గుమ్మం మీద కట్టను, పిచ్చుకలు వాలే చోట కడతాను. గింజలైపోయిన దండను ఉంచను. పొరుగు ఇళ్ళలోనూ గుళ్ళలోనూ కంకుల కుచ్చులు కడతారు గనుక మనకు తగదనుకోవడం మాత్రం నాకు సరిగా తోచదు. పైరు వేసినవాని పంటను పిట్ట తిన్నా అది అతనికి దానంగానే లెక్కకు వస్తుందన్న ప్రవక్త (స) ఉపదేశం బుఖారీ, ముస్లిం సంకలనాలు రెండింటిలోనూ ఉంది.

సొంత పంట ఉన్నవారు ఈ రెండు పిడికిళ్ళను ఉష్ర్ లెక్కలో వేయకండి. వాననీటితో పండిన పంటలో పదోవంతు, నీరు తోడి పండించిన పంటలో ఇరవయ్యోవంతు మనుషుల హక్కు. కోతనాడే ఆ హక్కు చెల్లించమని అల్ అన్ఆమ్ సూరా ఆదేశం. పిచ్చుకలది దానికి అదనం. పూర్వం పరిగెకు వచ్చే స్త్రీలు తామే పొలానికి నడిచి వచ్చేవారు, ఎవరికి లేదో ఆసామి కంటికి కనిపించేది. ఇప్పుడు వారు రారు. వారి ఇల్లు వెతుక్కుంటూ ఉష్రే నడిచి వెళ్ళాలి.

దండ కట్టినంత మాత్రాన పిచ్చుకల సంతతి పెరుగుతుందని నేను చెప్పను. గింజ పెద్ద పిచ్చుకల తిండి. గుడ్డు పగిలిన తొలి రోజుల్లో తల్లి తన పిల్లలకు పురుగులనే తెచ్చి పెడుతుంది. పెరట్లో మందు చల్లని నాలుగు మొక్కలు ఉంటేనే ఆ పురుగులు ఉంటాయి. పెంకుటిళ్ళ సందులు పోయి స్లాబులు వచ్చాక గూటికీ చోటు కరువైంది. ఇస్తాంబుల్‌లోని ఉస్కుదార్‌లో మూడవ ముస్తఫా సుల్తాను 18వ శతాబ్దంలో కట్టించిన అయాజ్మా మస్జిదు గోడలకు పిట్టల కోసం రాతితో చెక్కిన బుల్లి మేడలు ఉన్నాయి. మనకు అంత అక్కరలేదు. పక్కకు పడుకోబెట్టి కట్టిన చిన్న మట్టికుండ సరిపోతుంది. మంచు కురిసే నార్వే దేశంలో క్రిస్మస్ రోజుల్లో ఓట్స్ పనను కర్రకు కట్టి పిట్టల కోసం నిలబెడతారు. మన దండకు చుట్టరికం అంత దూరాన ఉంది.

2010 నుండి మార్చి 20ని ప్రపంచ పిచ్చుకల దినంగా పాటిస్తున్నారు. అప్పటికి ఈ వరి దండ ఎప్పుడో ఖాళీ అయి ఉంటుంది. ఆ వేళకు మన నల్లరేగళ్ళలో యాసంగి జొన్న కోతకు వస్తుంది. జొన్నకు చుట్టూ వద్దు, పిడులూ వద్దు, మూడు కంకులు కలిపి కట్టి వేలాడదీస్తే చాలు.

ఈ ఏడు తమ్ముడికి నేను కబురు పంపలేదు. నిన్న మగ్రిబ్ వేళకు మా మేనల్లుడు సైకిలు వెనుక కట్టుకొని ఒక మోపు తెచ్చాడు. నేను అడిగేది రెండు పిడికిళ్ళే, ఇవి మూడు దండలకు వస్తాయి. ఒకటి మా వసారాకు, ఒకటి పిల్లలు చదువుకునే మక్తబ్ కిటికీకి. మూడవది ఎవరికో ఇంకా తేలలేదు. కట్టలు ప్రస్తుతం వంటింటి దూలానికి తలకిందులుగా వేలాడుతున్నాయి. పొద్దున ఒక ఉడుత అప్పుడే వచ్చి చూచిపోయింది.