ఇది రక్తదానం కాదు, రక్త వెట్టి!

మన చెయ్యి తగిలిన నీళ్లు పారబోసుకున్న ఊరు, మన రక్తం సంచిలో వస్తే కులం అడగదు. ఎక్కించుకుంటుంది, బతుకుతుంది. సంచి మీద గ్రూపు ఉంటుంది గానీ గోత్రం ఉండదు. మంచిదే. మరి మనోడి రక్తం రోడ్డు మీద కారేటప్పుడు ఆ సంచి మనోడి దగ్గరికి ఎంతసేపటికి వస్తుంది?

నెల్లూరు తీరాన తెల్లారకముందే ఆటోల్లో కుక్కుకొని నాట్లకీ, రొయ్యల గుంటలకీ, ఇస్కపల్లి ఉప్పుమళ్లకీ పోయేది ఎవరు? మాల, మాదిగ వాడలోళ్లు, యానాదులు. కృష్ణపట్నం రేవుకి పోయే లారీలూ, చెన్నై–కలకత్తా హైవే బస్సులూ తిరిగే దోవల్లోనే ఆ ఆటోలూ పోతాయి. గుద్దుకుంటే ఎవరి ఒళ్లు నలుగుతుందో చెప్పక్కర్లేదు.

ఎదిగిన మనిషి ఒంట్లో ఉండే రక్తం సుమారు 5 లీటర్లు. తొడ ఎముక విరిగి, కడుపు లోపల నలిగితే అందులో సగం గంటలోపే పోవచ్చు. అట్టాంటోడికి సెలైన్ సీసా మీద సీసా ఎక్కిస్తే ఏమవుద్ది? ఉన్న రక్తం పల్చబడుతుంది. ఒళ్లు చల్లబడుతుంది. గడ్డకట్టే గుణం పోయి ఇంకా కారుతుంది. రక్తం పోయినోడికి రక్తమే కావాలి.

అందుకే పెద్ద ఆసుపత్రులు ముందే రాసిపెట్టుకున్న పద్ధతి ఒకటుంది. మాసివ్ ట్రాన్స్‌ఫ్యూజన్ ప్రోటోకాల్ అంటారు. డాక్టరు ఒక్క ఫోను కొడితే ఎర్రకణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లు ఇంచుమించు సమపాళ్లలో, చాలు అనేదాకా వస్తూనే ఉంటాయి. గ్రూపు తేలేలోపే ‘ఓ’ గ్రూపు రక్తం మొదలెడతారు. 2015లో అచ్చయిన ఒక పరిశీలన 680 మంది క్షతగాత్రుల మీద జరిగింది. మొత్తం చావుల్లో గట్టి తేడా తేలలేదు గానీ, సమపాళ్లు అందినోళ్లలో మొదటి 24 గంటల్లో రక్తం కారి చచ్చిపోయినోళ్లు తగ్గారు. ట్రానెగ్జామిక్ యాసిడ్ అని ఇంకో మందుంది. దాన్ని 40 దేశాల్లో 20 వేల మందికి పైగా క్షతగాత్రుల మీద పరీక్షించి 2010లో ఫలితం చెప్పారు. దెబ్బ తగిలిన 3 గంటల్లోపు ఇస్తే ప్రాణాలు నిలుస్తాయి. అదేమీ పెద్ద ఖరీదు మందు కాదు.

అంటే అంతా గడియారంతో పందెం. ఆ గడియారం కొట్టుకుంటుంటే కూలోడి పెళ్లాన్ని అడిగేదేంది? “దాతల్ని తీసుకురా పో!”

ఇక్కడే మోసం చూడండి. మనం పిలుచుకొచ్చినోడి రక్తం అప్పటికప్పుడు ఎక్కించరు, ఎక్కించకూడదు కూడా. ఎయిడ్స్, రెండు రకాల కామెర్లు, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చెయ్యాలి. మనోడికి ఎక్కేది ముందే పరీక్షించి దాచిన సంచి. అంటే సంచి లోపల ఉంది. దాన్ని తాకట్టులో పెట్టి, బదులు రక్తం కట్టమంటున్నారు. దానం ఇష్టంతో ఇచ్చేది. చావు చూపించి లాక్కునేది వెట్టి.

24 గంటల్లో 10 యూనిట్లు ఎక్కాల్సినోడికి పది మంది దాతలు యాడ దొరుకుతారు? దాతకి 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉండాలి, 45 కిలోల బరువుండాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడోళ్లకి రక్తహీనత. తిండి లేక రక్తం లేనోళ్లనా మీరు రక్తం అడిగేది?

అమెరికా రెడ్‌క్రాస్ 1941లో నల్లవాళ్ల రక్తం వద్దంది. మరుసటేడు తీసుకుంది గానీ, 1950 దాకా సంచులు వేరు పెట్టింది. 1940లో బ్రిటన్‌కి ప్లాస్మా పంపే పని నడిపిన డాక్టరు చార్లెస్ డ్రూ నల్లవాడే! అక్కడ అంటరానితనం సీసా మీద చీటీగా ఉండింది. ఇక్కడ చీటీ లేదు, కౌంటరు ఉంది. డబ్బూ, పలుకుబడీ, ఫోను చేస్తే పరిగెత్తొచ్చే బంధువులూ ఉన్న కులాలకి ఆ కౌంటరు తెరుచుకుంటుంది. మనకి మూసుకుంటుంది.

చట్టం లేదా? ఉంది. రక్తం అమ్మకాన్ని సుప్రీంకోర్టు 1998 జనవరి 1 నుంచి బందు చేయించింది. 2002 జాతీయ రక్త విధానం బదులు దాతల పద్ధతిని తీసెయ్యాలంది. 1992లో బెంగాల్లో రైలు నుంచి పడ్డ ఒక వ్యవసాయ కూలీని ప్రభుత్వాసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి తిప్పి పంపాయి. ఖేత్ మజ్దూర్ సమితి కోర్టుకెక్కింది. 1996లో సుప్రీంకోర్టు 25 వేల పరిహారం ఇప్పించి, డబ్బుల్లేవనే సాకు చెల్లదంది. ఆ తీర్పు తెచ్చింది కూలోళ్ల సంఘమని మరవొద్దు.

కొరత ఉందంటారు. ఉంటే ముందుగా సేకరించాల్సింది సర్కారు. మన కుర్రోళ్లు ఏప్రిల్ 14న అంబేద్కర్ జయంతికి వరసలో నిలబడి రక్తం ఇస్తుండారు, ఇంకా ఇస్తారు. అడిగే హక్కు మనకి అక్కడే ఉంది.

కాబట్టి అడుగుదాం. క్షతగాత్రుడికి రక్తం ముందు, బదులు మాట తర్వాత కూడా వద్దు. కావలి నుంచి నెల్లూరు దాకా, హైవే పక్కనున్న ప్రతి పెద్ద ప్రభుత్వాసుపత్రిలో ఈ ప్రోటోకాల్ తెలుగులో రాసి గోడకి అంటించాలి. ‘ఓ’ గ్రూపు సంచులు ఎన్ని ఉన్నాయో రోజూ పలక మీద రాయాలి. ట్రానెగ్జామిక్ ఇంజక్షన్ 108 బండిలోనే పడాలి. 2025లో కేంద్రం ప్రకటించిన లక్షన్నర ఉచిత వైద్యం పథకం రోడ్డు ప్రమాద బాధితులందరికీ వర్తిస్తుందని కౌంటరు ముందే బోర్డు కట్టాలి.

వాడవాడలా సంతకాలు పెట్టండి, సూపరింటెండెంటు గది ముందు కూచోండి. వెట్టి ఏ రూపంలో వచ్చినా వెట్టే. మన తాతలు చాకిరీ వెట్టి కాదన్నారు. మనం రక్త వెట్టి కాదందాం.

జై భీమ్!