ఓర్చుకొమ్మని చెప్పకండి

తెలంగాణ జిల్లాల నుంచి బతుకుదెరువు కోసం వెళ్లిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా భివండీలో సాంచాలు నడుపుతున్నాయి. అక్కడి పద్మానగర్‌లో తెలుగు వినబడని గల్లీ ఉండదు. దగ్గరలోని మాన్‌కోలి చుట్టూ, ముంబై–నాసిక్ రహదారి పొడవునా ఇప్పుడు గోదాములు వెలిశాయి. పన్నెండు గంటలు సాంచాల మధ్య నిలబడి, వంగి తెగిన పోగులు ముడివేసేవారికీ, గోదాముల్లో మూటలు మోసేవారికీ దక్కే సలహా ఒక్కటే: "నడుం నొప్పి ఎవరికి లేదు? ఓర్చుకో." ఈ మాట మన ప్రార్థన కూటాల్లోనూ వినిపిస్తోంది. కొందరైతే విశ్వాసం తక్కువైందని కూడా అంటున్నారు.

ఇది తప్పు. మనం తెలుసుకోవలసిన సంగతి మన నరాల్లోనే ఉంది.

నొప్పి కబురు మోసే నాడీకణాలు వెన్నెముక పక్కన చిన్న గుంపులుగా ఉంటాయి. వాటి పొర మీద కొన్ని ప్రోటీన్లు తలుపుల్లా పనిచేస్తాయి. టీఆర్‌పీవీ1 అనే ప్రోటీన్ వేడికీ మిరపకాయ మంటకూ తెరుచుకుంటుంది. పీజో2 అనేది స్పర్శకు తెరుచుకుంటుంది. ఇలాంటి ప్రోటీన్లను కనిపెట్టిన డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్‌లకు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. నావ్1.7, నావ్1.8 అనే మరో రెండు ప్రోటీన్లు ఆ కబురును ముందుకు పంపుతాయి. పుట్టుకతో నావ్1.7 పనిచేయని కొందరికి నొప్పే తెలియదని 2006లో పాకిస్తాన్ కుటుంబాలపై జరిగిన పరిశోధనలో తేలింది.

నొప్పి తెలియకపోవడం వరం కాదు. కుష్ఠు రోగుల చేతులు, కాళ్లు పాడవడానికి ముఖ్య కారణం నొప్పి తెలియక పదే పదే గాయపడటమేనని వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ గుర్తించారు. నొప్పి మన శరీరానికి కావలివాడు. అయితే మూడు నెలలు దాటినా తగ్గని నొప్పి వేరు. రోజూ అదే నడుము, అదే భుజం అలసిపోతుంటే, వాపు పుట్టించే రసాయనాలు ఆ తలుపులను మరీ సులువుగా తెరుచుకునేలా మార్చేస్తాయి. అప్పుడు చిన్న కదలికకే నరం కేక వేస్తుంది. ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోవచ్చు. అంతమాత్రాన ఆ మనిషి అబద్ధమాడుతున్నట్టు కాదు, సోమరి అయినట్టూ కాదు.

నావ్1.8ను అడ్డుకునే సుజెట్రిజిన్ అనే మందుకు 2025 జనవరిలో అమెరికా అనుమతి ఇచ్చింది. అది కొత్తగా వచ్చిన నొప్పికే గాని, ఏళ్ల తరబడి వేధించే నొప్పికి కాదు. రేపు అంతకంటే మంచి మందు వచ్చినా, అది మింగి మళ్లీ పన్నెండు గంటలు నిలబడమనడం న్యాయమేనా? నరాన్ని రోజూ రెచ్చగొట్టే పని తీరు మారకుండా మందు ఒక్కటే ఏం చేయగలదు?

పుట్టుగుడ్డివాణ్ణి చూసి, ఎవరి పాపం వల్ల ఇలా పుట్టాడని శిష్యులు అడిగితే, యేసు ఆ నింద ఎవరి మీదా వేయలేదు. అతనికి చూపునిచ్చాడు. మన దారి కూడా అదే కావాలి.

యువతీయువకులారా, మీ సంఘంలో నొప్పితో బతుకుతున్నవారు చెప్పేది ముందు నమ్మండి. మందుల షాపులో కొనుక్కుని రోజూ మింగే నొప్పి బిళ్లలు కడుపునూ మూత్రపిండాలనూ దెబ్బతీస్తాయని చెప్పి, డాక్టరు దగ్గరికి తోడు వెళ్లండి. అర్హత ఉన్నవారికి ఈఎస్‌ఐ కార్డు ఇప్పించండి. ఎనిమిది గంటల పని, మధ్యలో విరామం, కూర్చోవడానికి ఒక స్టూలు కావాలని కార్మికులతో కలిసి అడగండి. వారికోసం ప్రార్థిద్దాం, వారి పక్కన నిలబడదాం. ఓర్చుకొమ్మని మాత్రం చెప్పకండి.