ఆరాధన అయ్యాక ఒక బల్ల, రెండు కుర్చీలు

చర్చి వెనుక వరుసలో బల్ల వేసుకుని, రక్తపోటు చూసే పరికరంతో ఒక నర్సమ్మ కూర్చుంటే ఎందరికో మేలు. ఈ ఆలోచనకు రూపమిచ్చినవారు అమెరికాలోని లూథరన్ పాస్టరు గ్రాంజర్ వెస్ట్‌బర్గ్. 1984లో చికాగో దగ్గర, ఒక ఆసుపత్రి తోడ్పాటుతో, ఆరు సంఘాలతో ఆయన ఆరంభించిన ఈ సేవకు 'పారిష్ నర్సింగ్' అని పేరు.

మన తెలుగు సంఘాల్లోనూ నర్సులుగా చేసి రిటైరైనవారు ఉంటారు. వారిలో ఇద్దరు నెలకొక ఆదివారం ఇచ్చినా చాలు. ముందుగా పాస్టరుగారు, సంఘ పెద్దలు ఒప్పుకోవాలి. హద్దులు కూడా అప్పుడే చెప్పుకోవాలి. ఈ సేవలో సూది వేయరు, మందు రాయరు. రక్తపోటు చూసి పుస్తకంలో రాస్తారు. 140/90 గాని, అంతకు మించి గాని ఉంటే మరో రోజు మళ్లీ చూసి, అలాగే ఉంటే డాక్టరు దగ్గరకు పంపుతారు. ఛాతీనొప్పి, ఆయాసం ఉంటే ఆగకుండా ఆసుపత్రికే. చీటీలో ఇంగ్లీషులో ఉన్నది పెద్దవాళ్లకు తెలుగులో విడమరచి చెబుతారు. "ఒంట్లో బాగానే ఉంది కదా" అని మాత్రలు మానేసినవారిని మందలిస్తారు. మంచాన ఉన్నవారిని ఇంటికెళ్లి పలకరిస్తారు.

అన్నిటికంటే ముఖ్యం గుట్టు. నర్సమ్మతో చెప్పుకున్న జబ్బు, ఆ మనిషి ఒప్పుకోనిదే ప్రార్థన మనవులలో వినబడకూడదు. పాస్టరుగారికైనా అడిగే చెప్పాలి. ఒక్కసారి మాట బయటికి పొక్కితే ఆ కుర్చీలో మళ్లీ ఎవరూ కూర్చోరు.

వచ్చే ఆదివారం మీ సంఘంలో నర్సు చదువు చదివినవారు ఎందరున్నారో కనుక్కోండి.