ఫోన్ రూల్ ఇన్వర్టర్‌కి వద్దు!

‘ఫోన్ చార్జింగ్ 80 శాతం దాటనివ్వకు, బ్యాటరీ ఎక్కువ కాలం వస్తుంది’... ఈ సలహా మీరూ వినే ఉంటారు. ఫోన్‌లో ఉన్నది లిథియం బ్యాటరీ కాబట్టి అది కరెక్టే. కానీ ఇంట్లో ఇన్వర్టర్ కింద ఉండే ఆ బరువైన లెడ్ యాసిడ్ బ్యాటరీ సంగతి పూర్తిగా రివర్స్. దానికి కడుపు నిండా చార్జింగ్ ఉంటేనే ఆరోగ్యం!

ఎందుకంటారా? వాడుతున్నకొద్దీ దాని లోపలి పలకల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది. వెంటనే చార్జ్ చేస్తే కరిగిపోతుంది. రోజుల తరబడి అలాగే వదిలేస్తే గట్టిపడిపోయి, తర్వాత ఎంత చార్జ్ చేసినా వదలదు. ఆ మేరకు బ్యాటరీ బలం తగ్గిపోయినట్టే. చాలా బ్యాటరీలు వయసైపోయి కాదు, ఇలా ఆకలితో పోతాయి.

మల్టీమీటర్ ఉంటే చెక్ చేయడం ఈజీ. చార్జింగ్, లోడ్ రెండూ లేకుండా కొన్ని గంటలు వదిలేసి చూడండి. 12 వోల్టుల బ్యాటరీలో 12.7 దాకా చూపిస్తే ఫుల్. 12.2 అంటే సుమారు సగం. అంతకంటే కిందకి తరచూ దించకండి.

పండక్కి ఊరెళ్తూ మెయిన్ ఆఫ్ చేసేస్తున్నారా? ఇన్వర్టర్ దాన్ని కరెంటు కోత అనుకుని ఫ్యాన్లు, లైట్లకి పవర్ ఇస్తూ బ్యాటరీని ఖాళీ చేసేస్తుంది. ముందు ఫుల్ చార్జ్ చేసి, ఇన్వర్టర్ ఆపి, ఆ తర్వాతే మెయిన్ ఆపండి.

ఇక నీళ్లు. ఫ్లోట్ ఎర్ర గుర్తు దాకా దిగకముందే డిస్టిల్డ్ వాటర్ పోయండి. కుళాయి నీళ్లు, బోరు నీళ్లే కాదు, ఆర్వో నీళ్లూ వద్దు. వాటిలో ఉప్పులుంటాయి. యాసిడ్ అసలే పోయొద్దు. తగ్గేది నీళ్లే, యాసిడ్ కాదు. ఫుల్ చార్జ్ అయ్యాక పోస్తే పొంగిపోయే బెడద ఉండదు. పలకలు బయటపడి ఉంటే మాత్రం అవి మునిగేంత పోసి చార్జింగ్ పెట్టి, మిగతాది తర్వాత పోయాలి.

వేడి కూడా శత్రువే. 25 డిగ్రీలు దాటాక పెరిగే ప్రతి 10 డిగ్రీలకీ బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. రామగుండం, రెంటచింతల ఎండల సంగతి చెప్పేదేముంది! ఎండ తగలని, గాలి ఆడే చోట పెట్టండి.

గాలి ఇంకో కారణానికీ కావాలి. చార్జింగ్‌లో హైడ్రోజన్ వాయువు వస్తుంది. గాలిలో అది 4 శాతం చేరితే చాలు, నిప్పురవ్వకి అంటుకుంటుంది. అందుకే దాని దగ్గర అగ్గిపుల్ల, అగరబత్తి వద్దు. నీళ్లు చూడాలంటే ఫోన్ టార్చ్ వేసుకోండి. కళ్లద్దాలు, గ్లవ్స్ తప్పనిసరి. యాసిడ్ కంట్లో పడితే ధారగా నీళ్లతో కడుగుతూనే ఉండి, డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి.

నెలకోసారి ‘బ్యాటరీ నీళ్లు’ అని ఫోన్‌లో రిమైండర్ పెట్టేయండి. అయిదు నిమిషాల పని, వేల రూపాయలు మిగులుతాయి!