విత్తనం వడ్లు వేరే గుమ్మిలో

మా ఇంట్లో ఏ వస్తువు కావాలన్నా నన్నే అడుగుతారు. పాస్‌బుక్కు, పిల్లల టీసీ, గ్యాస్ పుస్తకం, చివరికి గోళ్ళు తీసుకునే కత్తెర కూడా. కంప్యూటర్‌లో ఏది దాచాలో మాత్రం నన్నెవరూ అడగలేదు. అది నా పని కాదనుకుని నేనూ చెప్పలేదు. ఆ తప్పు గురించే ఈ రోజు రాస్తున్నా.

మా ఆయన జాగ్రత్త మనిషి. నిరుడు ఉగాది దాటాక మా కంప్యూటర్ హార్డ్ డిస్క్ మొత్తాన్ని ఒక సాఫ్ట్‌వేర్‌తో 'ఇమేజ్' తీసి, ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో పెట్టారు. ఇమేజ్ అంటే ఫొటో కాదండీ. విండోస్‌తో సహా డిస్క్‌లో ఉన్నదంతా ఉన్నదున్నట్టుగా మూటగట్టడం. సాయంత్రం మొదలుపెడితే అర్ధరాత్రి దాటింది. ఎక్స్‌టర్నల్ డిస్క్ ఇంచుమించు నిండిపోయింది. "ఇక మనకు ఢోకా లేదు" అని దాన్ని బీరువాలో పెట్టారు. మళ్ళీ తియ్యలేదు. అంతసేపు పట్టే పనిని ఎవరు మాత్రం నెలనెలా చేస్తారు?

ఆ ఏడాది బతుకమ్మ పండక్కి మా అత్తమ్మ చేత పాటలు పాడించి ఫోన్‌లో రికార్డు చేశాను. పుస్తకాల్లో లేని పాటలు, వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్నవి. ఫోన్ నిండితే వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఫోన్‌లోంచి తీసేశాను. దాచేశాననే అనుకున్నా. సంక్రాంతి తర్వాత అత్తమ్మ పోయారు. ఎండాకాలంలో హార్డ్ డిస్క్ పోయింది.

కొత్త డిస్క్ వేయించి ఇమేజ్ ఎక్కిస్తే కంప్యూటర్ ఎప్పటిలాగే లేచింది. ప్రింటర్‌తో సహా అన్నీ పనిచేశాయి. కానీ అది నిరుటి కంప్యూటర్. ఆ తర్వాత చేరినవేవీ అందులో లేవు. దుబాయిలో ఉండే మా మరిది ఫోన్ చేసి, "వదినా, అమ్మ పాటలన్నీ పంపు, ఇక్కడ వింటుంటా" అంటే నాకు నోట మాట రాలేదు.

మా ఆయన్ని తప్పుపట్టడానికి రాయట్లేదు. కంప్యూటర్ యంత్రాన్ని కాపాడటానికి ఇమేజ్ మంచిదే. మొదటిసారి మొత్తం తీసి, తర్వాత మారిన వాటినే చేర్చుకునే పద్ధతి కూడా చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంది. కానీ విండోస్ పోతే మళ్ళీ వేయించుకోవచ్చు. అత్తమ్మ గొంతు మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది? నేననేది ఇదే: మొత్తం ఇమేజ్ అప్పుడప్పుడు తీయండి, ముఖ్యమైన ఫోల్డర్లు మాత్రం ఏరి, తరచుగా దాచండి. ఆ ఏరే పని ఇంటి ఆడవాళ్ళు చేయాలి. ఏది పోతే మళ్ళీ రాదో మనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

మాది బాన్సువాడ, నిజాంసాగర్ కాలువ కింద వరి పండే ప్రాంతం. అత్తమ్మ కాలంలో పంట ఇంటికి రాగానే ముందు విత్తనం వడ్లు ఏరి వేరే గుమ్మిలో పోసేవారట. పంటంతా దాచడం ఎవరి తరమూ కాదు. విత్తనం ఉంటే మళ్ళీ పంట వస్తుంది.

నేను ఏరిన ఫోల్డర్లు నాలుగే. పొలం కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు, ఇంట్లోవాళ్ళ ఫొటోలు, పెద్దవాళ్ళ గొంతులు. సినిమాలు, డౌన్‌లోడ్లు పోతే పోనీ. అన్నీ కలిపినా ఒక పెన్‌డ్రైవ్‌లో పట్టాయి.

సాఫ్ట్‌వేర్ విషయంలో ఒక్కటి చూసుకోండి. అన్నీ ఫోల్డర్లను విడిగా దాచవు. క్లోనెజిల్లా ఉచితమే, కానీ అది మొత్తం డిస్క్‌నో, ఒక డ్రైవ్‌నో ఇమేజ్ తీస్తుంది తప్ప ఫోల్డర్లు ఏరుకోనివ్వదు. వీమ్ ఏజెంట్ ఉచిత వెర్షన్‌లో మొత్తం కంప్యూటరా, ఒక డ్రైవా, కొన్ని ఫోల్డర్లా అని మనమే ఎంచుకోవచ్చు. విండోస్‌లోనే 'ఫైల్ హిస్టరీ' అని ఒకటుంది. ఎక్స్‌టర్నల్ డిస్క్ పెట్టి ఉంచితే గంటగంటకూ మారినవి దాస్తుంది. కాకపోతే డి డ్రైవ్‌లో మనం చేసుకున్న ఫోల్డర్‌ను ముందుగా లైబ్రరీలో చేర్చాలి, లేదంటే దాన్ని పట్టించుకోదు.

"గూగుల్‌లో ఉన్నాయిగా" అంటారు కొందరు. మెయిల్, డ్రైవ్, ఫొటోలు అన్నిటికీ కలిపి ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. 2021 జూన్ నుంచి కొత్తగా ఎక్కించే ఫొటోలు కూడా ఆ లెక్కలోకే వస్తున్నాయి. పిల్లల రెండు పుట్టినరోజు వీడియోలకు ఎంత పోతుందో మీకే తెలుసు.

కంప్యూటర్ తెలిసినవాళ్ళు చెప్పే 3-2-1 లెక్క నాకు నచ్చింది. మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఇంటి బయట. మాకు కంప్యూటర్‌లో ఒకటి, ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఒకటి, మా పుట్టింట్లో అమ్మ బీరువాలో పెన్‌డ్రైవ్ ఒకటి. ప్రతి అమావాస్యకు దేవుడి సామాను తోముకున్నాక డిస్క్ పెట్టి కాపీ చేస్తా. అందులోంచి ఏదో ఒక ఫైల్ తెరిచి చూస్తా. తర్వాత డిస్క్ ఊడదీస్తా. తెరిచి చూడని బ్యాకప్‌ను నమ్మొద్దని నా మాట.

ఇంతకీ అత్తమ్మ పాటల్లో ఒకటి మిగిలింది. పండగ రోజు మా మరిదికి వాట్సాప్‌లో పంపింది. నేను పంపిన పాటనే అతను నాకు తిరిగి పంపాడు. మధ్యలో కుక్కర్ కూత కూడా వినబడుతుంది. ఇప్పుడు ఆ ఒక్క పాట నాలుగు చోట్ల ఉంది.

మీ ఇంట్లో విత్తనం వడ్లు ఏవి? ఈ రాత్రి వంటింటి పని అయ్యాక ఒక కాగితం మీద రాసి చూడండి.