వార్ధక్యమున వియోగము: తెరువవలసిన పెరటి తలుపు

వృద్ధాప్యమున జీవిత భాగస్వామిని కోల్పోయినవారిని ఇంటివారు సాధారణముగా ఒక మూల కూర్చుండబెట్టుదురు. “ఈ వయస్సులో నీకెందుకమ్మా ఈ శ్రమ?” అందురు. ఆ మాటలో ప్రేమయే ఉన్నది. కాని దానివలన కలుగు మేలు స్వల్పము, కీడు అధికము.

2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున 60 ఏండ్లు నిండినవారు సుమారు 10 కోట్ల 38 లక్షల మంది. వీరిలో భార్యను కోల్పోయిన పురుషులకంటె భర్తను కోల్పోయిన స్త్రీలే చాల ఎక్కువ. విధవ వేకువనే ఎదురు రారాదను ఆచారము కొన్ని కుటుంబములలో నేటికిని సమసిపోలేదు. ప్రయాణమగువారికి అపశకునమగునను వెరపుతో ఆమె గది దాటి రాదు. లేత ఎండయు, చల్లగాలియు ఆమెకు మిక్కిలి అవసరమైన వేళకే తలుపు మూతపడుచున్నది. ఇది ఆచారము పేర జరుగు అనారోగ్యము.

దుఃఖమున మొదట చెడునది నిద్ర. ఉదయపు వెలుగు కంటికి సోకినచో రేయింబవళ్ల క్రమము దేహమునకు తిరిగి అలవడును. కొంత దూరము నడచినచో ఆకలి పుట్టును, కాళ్లలో బలము నిలుచును. మొక్కలో మరియొక గుణము కలదు. అది ఓదార్పు మాటలు చెప్పదు, ప్రశ్నలు వేయదు. నీరు మాత్రము కోరును. తన అవసరము ఇక ఎవరికిని లేదని తలచువారికి ప్రతి ఉదయమును ఒక పని కాచుకొని యుండును. భర్త నాటిన మల్లెకు నీరు పోయునపుడు కన్నీరు వచ్చినచో రానీయవలెను. అది జబ్బు కాదు.

రవీంద్రనాథ ఠాకూరు 1902లో భార్యను, 1903లో ఒక కుమార్తెను, 1907లో చిన్న కుమారుని, 1918లో పెద్ద కుమార్తెను కోల్పోయెను. 1928లో, తన 67వ ఏట, శాంతినికేతనమున చెట్లు నాటు ఉత్సవమును ఆరంభించెను. చెట్లు నాటుటచే ఆయన శోకము తీరెనని ఎవరును చెప్పలేరు. శోకము తీరకున్నను మనుష్యుడు చిగురుటాకువైపు చూడగలడని మాత్రము చెప్పవచ్చును.

అయినను పెరటి మొక్క వైద్యుడు కాదు. వేళకు భోజనము, రక్తపుపోటు మధుమేహముల మందులు, పలుకరించు మనుష్యులు తప్పక ఉండవలెను. ఆరు మాసములు గడచినను తీవ్రశోకము తగ్గక, నిత్యకృత్యములు సాగనిచో, లేదా ఎప్పుడైనను చావవలెనను మాట నోట వచ్చినచో, ఆలస్యము చేయక వైద్యుని చూపవలెను. 2022 అక్టోబరులో ఆరంభమైన టెలీ మానస్ సేవకు 14416 సంఖ్యపై ఫోను చేయవచ్చును, రుసుము లేదు.

ఇంటివారు చేయవలసినది కష్టమైనది కాదు. పెరటిలో పాచి లేకుండ చూచుట, చేతికర్రయు జారని చెప్పులును అందించుట, పెరడు లేనిచో వసారాలో రెండు కుండీలు ఉంచుట. అన్నిటికంటె ముందు, వేకువనే ఆ తలుపు గడియ తీయుట. తీసినవారే ఆమెకు మొదట ఎదురు వచ్చి పలుకరించినచో ఆ ఇంటికి అంతకు మించిన శుభశకునము లేదు.