అర్ధరాత్రి దాటాక వచ్చిన పాత మొనగాళ్ళు

సినిమా హీరోకి వయసు మీద పడితే ఏమవుతుంది? పెద్దగా ఏమీ కాదు. విగ్గుంది, మేకప్పుంది. ఫైటింగులకి డూపున్నాడు. పాటంటారా, ఆ గొంతు మొదట్నుంచీ ఆయనది కాదాయె! కెమెరామన్ కాస్త దయతలచి లైటు మారిస్తే పదేళ్ళు ఎగిరిపోతాయి.

మరి ర్యాప్ పాడేవాడి సంగతి? రాగం సాగదీసి కాలక్షేపం చెయ్యడానికి వీల్లేదు. మాట మీద మాట, దరువు తప్పకుండా, గుక్క తిప్పుకోకుండా పడాలి. ఇరవై ఏళ్ళప్పుడు పాడినదాన్ని అరవై దగ్గరపడ్డాక కూడా అదే ఊపులో పాడమంటారు జనం. పాడలేకపోతే వేలమంది ఎదుట తెలిసిపోతుంది!

ఈ అనుమానం మనసులో పెట్టుకునే 2023 ఆగస్టు 11, శుక్రవారం సాయంత్రం న్యూయార్క్‌లోని యాంకీ స్టేడియానికి వెళ్ళాను. హిప్‌హాప్‌కి యాభై ఏళ్ళు నిండిన పండగ అది. స్నూప్ డాగ్, ఐస్ క్యూబ్, లిల్ వేన్, నాస్, లిల్ కిమ్, స్లిక్ రిక్... ఆ పేర్లు చదివితేనే అభిమానికి కడుపు నిండిపోతుంది. నేను మాత్రం ఆఖర్న రావలసిన ఒక్క బృందం కోసం టికెట్ కొన్నాను. రన్ డీఎమ్సీ.

వీళ్ళ పిచ్చి నాకెలా పట్టిందో చెప్పాలి. ‘ప్రేమికుడు’ (1994) పాటలు ఊరంతా మోగి, ‘పేట ర్యాప్’ పిల్లలందరి నోళ్ళలో నానిన కాలం. అప్పటికే కాలేజీ వెలగబెడుతున్న మా పెద్దమ్మ కొడుకు, “ఇదేం ర్యాపురా, అసలుది విను” అని ఒక పాత ఇంగ్లీషు క్యాసెట్టు పెట్టాడు. ‘రైజింగ్ హెల్’, 1986 నాటిది. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు! కానీ వింటూ ఉంటే మా ఊరి తిరునాళ్ళలో చూసిన బుర్రకథ గుర్తొచ్చింది. అక్కడా ముగ్గురే, ఇక్కడా ముగ్గురే. రన్ అనే జోసెఫ్ సిమన్స్ మాట అందుకుంటే, దాని తోక పట్టుకుని డీఎమ్సీ అనే డారిల్ మెక్‌డేనియల్స్ లాగేస్తాడు. ఒక వాక్యాన్ని ఇద్దరూ పంచుకుంటారు. మూడోవాడు జామ్ మాస్టర్ జే, అసలు పేరు జేసన్ మిజెల్, నోరు మెదపడు. రెండు రికార్డు ప్లేయర్ల మీద చేతులాడిస్తూ వంత పాడిస్తాడు. మన నాజర్ గారు వింటే మెచ్చుకునేవారేమోనని ఇప్పటికీ నా నమ్మకం. నవ్వుకుంటే నవ్వుకోండి!

ముగ్గురూ న్యూయార్క్ క్వీన్స్‌లోని హాలిస్ అనే పేట కుర్రాళ్ళు. రాళ్ళూ తళుకులూ కుట్టిన బట్టలతో పాటగాళ్ళు స్టేజి ఎక్కే రోజుల్లో, వీళ్ళు నల్ల టోపీలు, తాళ్ళు కట్టని అడిడాస్ బూట్లు వేసుకుని వీధిలోంచి తిన్నగా వచ్చేశారు. ఆ బూట్ల మీదే ఒక పాట కట్టారు. 1986లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్ కచేరీలో “మీ బూట్లు ఎత్తండి” అనగానే హాలంతా బూట్లే లేచాయట. అది కళ్ళారా చూసిన కంపెనీవాళ్ళు వీళ్ళతో ఒప్పందం రాసుకున్నారు. మన హీరోలు సబ్బులూ కూల్‌డ్రింకులూ అమ్మిపెట్టడం మనకు కొత్తేమీ కాదు. పాట ముందు పుట్టి ప్రకటన వెనకాల రావడం మాత్రం వీళ్ళ దగ్గరే చూశాను.

ఆ తర్వాతదంతా కష్టాల కాండ. డీఎమ్సీ గొంతు పోయింది. కండరాలు పట్టేసి మాట తెగిపోయే జబ్బు. ఉరుము లాంటి గొంతే ఆస్తిగా బతికినవాడికి అదెంత దెబ్బో ఆలోచించండి. అది చాలదన్నట్టు, తనను కన్నవాళ్ళు వేరనీ, పెంచినవాళ్ళు దత్తత తీసుకున్నారనీ 35వ ఏట తెలిసింది. చచ్చిపోదామనుకున్న ఆ రోజుల్లో సారా మెక్‌లాక్లన్ పాడిన ‘ఏంజెల్’ పాటను పదే పదే విని నిలబడ్డానని తనే చెప్పుకున్నాడు. చూడండి విచిత్రం! ర్యాప్ మొనగాడిని బతికించింది ఒక మెల్లని పియానో పాట. ఇక 2002 అక్టోబరు 30న జామ్ మాస్టర్ జేని క్వీన్స్‌లో తన స్టూడియోలోనే కాల్చి చంపారు. వయసు 37. కేసు పెట్టడానికే 2020 దాకా పట్టింది. అతను పోయిన కొద్ది రోజులకే మిగిలిన ఇద్దరూ బృందం ముగిసిందని చెప్పేశారు. తర్వాత ఎప్పుడో ఒకప్పుడు కలిసి పాడటమే తప్ప మునుపటి సంసారం లేదు.

అలాంటివాళ్ళు వస్తున్నారంటే ఎలా ఊరుకుంటాను! ఎడిసన్‌లో మా అక్కా బావా ఉంటారు. బావకి ఘంటసాల తర్వాత పాటే లేదు. అయినా బావమరిది ఒంటరిగా రాత్రిపూట బ్రాంక్స్ వెళ్తున్నాడని తోడొచ్చాడు. రైల్లో వెళ్తూ ఆ పేట గొప్పతనం చెప్పాను. స్టేడియానికి మైలున్నర దూరంలో 1520 సెడ్జ్‌విక్ ఎవెన్యూ అనే అపార్టుమెంటు ఉంది. 1973లో సరిగ్గా ఇదే తేదీన సిండీ కాంబెల్ అనే అమ్మాయి బడి బట్టల డబ్బు కోసం అక్కడ పార్టీ పెట్టింది. ఆడపిల్లలకి 25 సెంట్లు, మగపిల్లలకి 50 సెంట్లు టికెట్. రికార్డులు వేసింది ఆవిడ అన్న, జమైకా నుంచి వచ్చిన కూల్ హెర్క్. పాటలో దరువు ఒక్కటే మోగే చోట కుర్రకారు ఎగిరి గంతేస్తున్నారని కనిపెట్టి, ఆ ముక్కనే సాగదీయడం అతని కిటుకు. అదే వేరు, ఇదంతా చెట్టు.

“యాభై సెంట్లా! మన టికెట్ ఎంతోయ్?” అన్నాడు బావ. చెప్పలేదు.

సాయంత్రం మొదలైన కచేరీ దాదాపు ఎనిమిది గంటలు సాగింది. తొలితరం పెద్దల్లో కర్టిస్ బ్లో వచ్చాడు. 2020లో గుండె మార్పిడి చేయించుకున్న మనిషి! చిన్నప్పుడు రన్ ఈయన దగ్గరే రికార్డులు వేస్తూ ‘కర్టిస్ బ్లో కొడుకు’ అనిపించుకున్నాడు. స్నూప్ డాగ్‌కీ, నాస్‌తో వచ్చిన లారిన్ హిల్‌కీ స్టేడియం ఊగిపోయింది. మన పండగ సినిమా మొదటాట గుర్తు చేసుకోండి, చాలు.

అర్ధరాత్రి దాటింది. జనం పల్చబడ్డారు. పిల్లలున్నవాళ్ళు లేచారు, రైళ్ళు అందుకోవలసినవాళ్ళు లేచారు. నాకు కడుపులో తిప్పినట్టయింది. చరిత్ర సృష్టించినవాళ్ళు ఖాళీ కుర్చీలకా పాడటం?

“చివరి రైలు పోతే తెల్లారేదాకా స్టేషన్లోనే, ఆలోచించుకో” అన్నాడు బావ.

“మీరు వెళ్ళండి బావా, అక్క కంగారు పడుతుంది. నేను పొద్దున వస్తాను.”

“నిన్నొదిలేసి వెళ్తే కంగారు కాదు, నా వీపు పగులుతుంది” అని మళ్ళీ కూలబడ్డాడు.

వచ్చారు. అవే నల్ల టోపీలు. రన్‌కి 58, డీఎమ్సీకి 59.

నిజం చెప్పొద్దూ... క్యాసెట్లోని ఆ ఉరుము అక్కడ లేదు. డీఎమ్సీ గొంతులో గరుకు ఉంది, చివర్లు అరుగుతున్నాయి. కానీ మాట పడవలసిన చోటే పడింది. ఒక్కోచోట ఒకరి గుక్క అందకపోతే రెండోవారు దాన్ని ఎత్తుకున్నారు. కుర్రతనంలో హుషారు కోసం పెట్టుకున్న పద్ధతి, ముసలితనంలో ఊతకర్ర అయింది. మిగిలిన జనం కూడా తక్కువ తినలేదు. మా ముందు వరుసలో తల నెరిసిన ఒకాయన, పక్కన నిద్రపోతున్న మనవణ్ణి లేపకుండా, ఒంటికాలి మీద నిలబడి బూటు విప్పి పైకెత్తాడు. బావ ఒకసారి ఆయన బూటుకేసీ, ఒకసారి నా మొహంకేసీ చూసి, తన చెప్పు మాత్రం తియ్యలేదు.

చివరి రైలు వెళ్ళిపోయింది. పెన్ స్టేషన్ దగ్గర కాఫీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డాం. ఘంటసాల భక్తుడు ఒక్క పాట గురించీ మాట్లాడలేదు. “ఆ మూడోవాడికి పెళ్ళయిందా? పిల్లలున్నారా? వాళ్ళేం చేస్తున్నారోయ్?” అని మాత్రం అడుగుతూ ఉన్నాడు. ఉన్నారని చెప్పాను. కొడుకులు కూడా డీజేలుగా రికార్డులు తిప్పినవాళ్ళేనని చెప్పాను. “ఊఁ” అని కాఫీ పూర్తిచేశాడు.